నిప్పు నెరిగిన చేతులు

ఢిల్లీకి నిప్పు కొత్తది కాదు. ఇంద్రప్రస్థము నేటి పాతకోట తావుననే ఉండెనని జనుల విశ్వాసము. ఆ రాజధాని చెంతనే ఖాండవవనము దగ్ధమైనట్లు భారతము ఆదిపర్వము చివర చెప్పుచున్నది. ఆ వనవాసుల గోడు నాడెవ్వరు వినిరి? అడవిలో అగ్గి రాజేయు ఆదివాసి స్త్రీ గోడు నేడా నగరమున ఎవ్వరు వినుచున్నారు?

ఇంగ్లీషువారు 1927లో చేసిన భారత అటవీచట్టము, 26వ సెక్షనులో, రిజర్వు అడవియందు నిప్పు పెట్టుటను నేరముగా నిర్ణయించినది. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీచట్టమును ఆ బాటనే నడచినది. నిప్పు ఎవరు పెట్టిరి, ఎందులకు పెట్టిరి, ఎట్లు ఆర్పిరి అను విచక్షణ అందు మృగ్యము.

వేసవి తొలినాళ్లలో ఇప్పపూలు తెల్లవారుజామున రాలును. ఎండుటాకుల నడుమ పడిన పూవు కంటికి కనబడదు. కావున మన్యపు స్త్రీలు చెట్టు మొదట ఆకులూడ్చి, కుప్పజేసి కాల్తురు. గాలి వాలును, మంచు తడిని, ఆకు ఎండును కనిపెట్టి చేయవలసిన పని యిది. తల్లివెంట పూలేరబోయిన కూతురు దీనిని చూచి నేర్చుకొనును. ఏ బడియు నేర్పని విద్య యిది.

ఈ మంటలే కార్చిచ్చులై అడవిని కాల్చుచున్నవని అధికారుల వాదము. అట్లు జరుగుట లేదనుట అసత్యమే యగును. కాని దొంగచాటుగా పెట్టిన నిప్పునకు కావలి కాయువారెవ్వరు? పట్టుబడుదుమను భయమున విడిచిపోయిన మంటకు ఆ భయమును పుట్టించినవారు బాధ్యులు కారా?

కర్ణాటకమున బిళిగిరిరంగని కొండలను 1974లో అభయారణ్యముగా ప్రకటించిరి. సోలిగలు ఏటేట పెట్టు చిరుమంట, వారి నుడిలో ‘తరగు బెంకి’, నిషిద్ధమైనది. పిదప లంటానా పొదలు అడవిని క్రమ్మినవి. మంట ఆగినందుననే పొద పెరిగినదని సోలిగలు చెప్పిరి. వారి మాటను త్రోసిపుచ్చరాదని పరిశోధకులును గుర్తించిరి. నిప్పును నిషేధించి అడవిని రక్షించితిమనుకొన్నవారికి ఇంతకన్న గుణపాఠమేమి కావలెను?

ఏటేట శరత్కాలమున పంజాబు, హర్యానా వరిదుబ్బుల పొగ, వాహనముల పొగతో కలిసి ఢిల్లీని ఉక్కిరిబిక్కిరి చేయును. అందుచే అచ్చటివారికి మంటలన్నియు ఒక్కటే యని తోచుట సహజము. ఆ తలంపుతో చట్టము నడపుట మాత్రము అన్యాయము.

2006 నాటి అటవీహక్కుల చట్టము, అడవిని కాపాడి నిర్వహించు హక్కును గ్రామసమాజములకొసగినది. హక్కుల సంఘములలో మూడవవంతుకు తగ్గక స్త్రీలుండవలెనని దాని నిబంధనలు విధించినవి. కాని పాత సెక్షను అట్లే యున్నది. ఒక చేత హక్కునిచ్చి వేరొక చేత సంకెల చూపుట యేమి న్యాయము? ఏ చెట్టుక్రింద, ఏ దినమున, ఎవరి కావలిలో మంట పెట్టవలెనో ఆ స్త్రీలే గ్రామసభలో బహిరంగముగా నిర్ణయింతురు గాక. అటవీ ఉద్యోగి వారికి తోడు నిలుచును గాక.

తెలుగువాడు చలిలో నెగడును, అడవిలో కార్చిచ్చును వేరువేరు పేర్లతో పిలిచెను. భాషకు గల ఈపాటి వివేకము చట్టమునకు లేకపోవుట సిగ్గుచేటు.