కీలులో నలుసు

కంట్లో నలుసు పడితే క్షణంలో తెలుస్తుంది. కృత్రిమ కీలులో రాలిన నలుసు సంగతి బయటపడటానికి పదేళ్లు పట్టొచ్చు. తుంటిలో అమర్చిన లోహపు బంతి ప్లాస్టిక్ గిన్నెలో తిరిగినప్పుడల్లా కంటికి కనిపించనంత పొడి రాలుతుంది. శరీరంలో చెత్త ఎత్తిపోసే మాక్రోఫేజ్ కణాలు దాన్ని మింగుతాయి. ప్లాస్టిక్ అరగదు. అరగనిది మింగిన కణాలు వాపు పుట్టించే రసాయనాలను వదులుతాయి. దాంతో ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలు రంగంలోకి దిగుతాయి. పరాయిదానిపై మొదలైన యుద్ధంలో నష్టపోయేది సొంత ఎముకే. ఒక్క సూక్ష్మక్రిమి లేకుండానే కీలు వదులవుతుంది.

తుంటి మార్పిడికి ఆద్యుడైన బ్రిటిష్ సర్జన్ జాన్ చార్న్‌లీ ఈ దెబ్బ ముందే తిన్నారు. ఆయన మొదట అమర్చిన టెఫ్లాన్ గిన్నెలు కొద్ది ఏళ్లకే అరిగిపోయాయి. 1962లో పాలిథిలిన్‌కు మారారు. రెండింటి పొడినీ తన తొడలోకే ఎక్కించుకుని చూసిన మొండి మనిషి ఆయన. ఇప్పుడైతే ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటుంది?

ప్లాస్టిక్‌తో పేచీ ఎందుకని తర్వాత లోహం మీద లోహాన్నే తిప్పారు. ఈసారి కోబాల్ట్, క్రోమియం రేణువులు రాలాయి. కొందరిలో లింఫోసైట్లు ఎలర్జీ తరహాలో విరుచుకుపడి, కీలు చుట్టూ కండరాలు చచ్చుబడ్డాయి. జాన్సన్ అండ్ జాన్సన్ అనుబంధ సంస్థ డెప్యూ తన ఏఎస్ఆర్ తుంటి కీళ్లను 2010 ఆగస్టులో వెనక్కి తీసుకునేనాటికి ప్రపంచంలో సుమారు 93,000 మందికి వాటిని అమర్చారు. భారత్‌లో జరిగిన శస్త్రచికిత్సలు సుమారు 4,700. కేంద్రం 2017లో నియమించిన అరుణ్ అగర్వాల్ కమిటీ లెక్క ప్రకారం ఆచూకీ దొరికింది 1,080 మందిదే. 2018లో పరిహారం రూ. 30 లక్షల నుంచి రూ. 1.23 కోట్ల దాకా అని తేల్చారు. తీసుకోవాల్సిన మనుషుల్లో ఎక్కువ మంది మాత్రం జాడ లేరు.

జాడ ఎలా పోతుందో సూరత్‌లో తాపీ నదికి ఉత్తరాన ఉన్న కోసాడ్ లాంటి చోట ఆలోచిస్తే అర్థమవుతుంది. మరమగ్గాలను నమ్ముకుని సూరత్ చేరిన వారిలో తెలంగాణ నేత కుటుంబాలు ఎన్నో. అలాంటి ఇంట్లో పెద్దాయన సొంత రాష్ట్రంలో ఆపరేషన్ చేయించుకుని కొడుకు దగ్గరికి వచ్చేస్తే ఆసుపత్రి రిజిస్టర్లో మిగిలేది పాత చిరునామానే. నొప్పి లేదు కాబట్టి డాక్టర్‌తో పనిలేదు. ఎముక తరుగుదల నొప్పి కంటే ముందే ఎక్స్‌రేలో కనిపిస్తుందని ఆయనకు ఎవరు చెప్పాలి? లోహపు కీలైతే రక్తంలో కోబాల్ట్ పరీక్ష కూడా అవసరం. అసలు లోపల ఉన్నది ఏ కంపెనీదో, ఏ బ్యాచ్‌దో చెప్పేది ఆపరేషన్ కాగితాలకు అంటించిన చిన్న స్టిక్కర్. ఇల్లు మారినప్పుడు రేషన్ కార్డు వెంట వస్తుంది. ఆ కాగితం రాదు.