గడప ముందు బండకు లెక్క ఏదీ?

చిన్న చిన్న విషయాల్లో ఆనందం వెతుక్కోమని ఈ మధ్య స్త్రీలకు చాలామంది సలహా చెబుతున్నారు. పత్రికల అనుబంధాలు చెబుతున్నాయి, టీవీల్లో స్వాములు చెబుతున్నారు, ఉద్యోగినులకు ఒత్తిడి తగ్గించే శిక్షణల్లో కూడా ఇదే పాఠం. పొద్దున్నే కాఫీ కప్పులోంచి లేచే ఆవిరిని చూడమంటారు. ఇంటిల్లిపాదికీ ఆ కాఫీ అందించాక చల్లారిపోయిన కప్పు ఎవరికి మిగులుతుందో మాత్రం చెప్పరు. అందుకే మన సంఘాల్లో ఈ మాట వినగానే ఒళ్ళు మండుతుంది. 'సర్దుకుపో'కు ఇది కొత్త పేరు కదా అనిపిస్తుంది.

అంత మాత్రాన ఆనందం అనే మాటను వాళ్ళకే వదిలేయాలా? చాదర్‌ఘాట్‌లో ఇళ్ళు పోయిన స్త్రీలతో మాట్లాడుతున్నకొద్దీ, రోజువారీ సంతోషం మన హక్కుల చర్చలోనే ఉండాల్సిన విషయమని నాకు గట్టిగా అనిపిస్తోంది.

చాదర్‌ఘాట్ దగ్గర మూసీ ఒడ్డున శంకర్‌నగర్, మూసానగర్ బస్తీల్లో, నదీ గర్భంలో ఉన్నాయన్న ఇళ్ళ గోడల మీద 2024 సెప్టెంబరులో ఎర్ర రంగుతో 'ఆర్‌బి-ఎక్స్' అని రాశారు. అక్టోబరు మొదట్లో, సరిగ్గా బతుకమ్మ పండుగ మొదలయ్యే రోజుల్లో, కూల్చటం మొదలైంది. చాలా కుటుంబాలను మలక్‌పేటలోని డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు పంపారు. డబుల్ బెడ్‌రూం పథకంలో ఇల్లు అంటే 560 చదరపు అడుగులు. ఒంటి గది వదిలి వచ్చిన వాళ్ళకు రెండు గదులూ, హాలూ, లోపలే బాత్‌రూమూ. కాగితం మీద చూస్తే నష్టం అనేదే కనిపించదు.

పాత ఇళ్ళ గురించి నేను లేనిపోని అందాలు చెప్పను. రేకుల కప్పు, మురుగు వాసన, దోమలు. 2020 అక్టోబరు వరదల్లో నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాయి. 2025 సెప్టెంబరు చివర్లో మూసీ మళ్ళీ పొంగి, పక్కనే ఉన్న ఇమ్లీబన్ బస్‌స్టేషన్‌ను ముంచింది. 1908 సెప్టెంబరు 28 నాటి వరద సంగతి ఈ ఊళ్ళో అందరూ ఎరిగిందే. కాబట్టి వాళ్ళను నది కడుపులోనే ఉండనివ్వమని నేను వాదించటం లేదు.

కాని ఆ సందుల్లో చాలా గడపల ముందు ఒక షాబాదు బండ ఉండేది. నాలుగైదు ఇళ్ళల్లో పాచిపని ముగించుకుని వచ్చిన స్త్రీ చెప్పులు విడిచి ముందు కూర్చునేది దానిమీదే. లోపలికి పోతే పని పట్టుకుంటుంది కదా. అక్కడ కూర్చుంటే ఎదురింటి ఖాలా సాసర్‌లో చాయ్ పోసి ఇచ్చేది. కిలోకింతని కూలికి తెచ్చుకున్న ఎల్లిగడ్డల గంప మధ్యలో ఉండేది. చేతులు ఒలుస్తూనే ఉండేవి, నోళ్ళు ఊరి సంగతులన్నీ తిరగేసేవి. అత్తలను అనుకరించి నవ్వుకోవటం, ఒకరి తలలో మరొకరు పేలు చూడటం, కొత్తగా పుట్టిన మనవరాలిని ఆ ఒళ్ళోంచి ఈ ఒళ్ళోకి మార్చుకోవటం. కొట్టే మొగుడు ఇంటికి వస్తుంటే ఆ బండల మీదున్న ఆడవాళ్ళు లేచి లోపలికి పోయేవాళ్ళు కాదు, మరికాస్త సేపు అక్కడే కూర్చునేవాళ్ళు. ఏ చట్టమూ అంత తొందరగా పనిచేయగా నేను చూడలేదు.

కొత్త ఇంటికి వెళ్ళిన ఒకామె నాతో అన్నది: "ఇల్లు మంచిగనే ఉందమ్మా. గని పొద్దుగూకినంక ఏడ కూసోవాలె?" లిఫ్టు ముందు కూర్చుంటే దారికి అడ్డమంటారు. మెట్ల మీద కూర్చుంటే మొగపిల్లలు ఎక్కుతూ దిగుతూ ఉంటారు. తలుపు వేసుకుని లోపల కూర్చుంటే టీవీ తప్ప మాట్లాడేవాళ్ళు లేరు.

ఈ పనికి జనం నోట స్థిరపడిన పేరు 'మూసీ సుందరీకరణ'. పార్కులు, నడకదారులు, దీపాలు వస్తాయంటున్నారు. నడకదారుల మీద నాకు కోపం లేదు, నదికి కావలసింది కూడా చాలానే ఉంది. నా ప్రశ్న ఆ పేరు గురించి. మలక్‌పేట నుంచి ఇమ్లీబన్ వైపు మెట్రోలో నది దాటేటప్పుడు పైనుంచి చూసే కళ్ళకు బాగుండటమేనా సౌందర్యమంటే? కింద బండ మీద సాయంత్రం గడిపిన ఆడవాళ్ళకు తెలిసిన సౌందర్యం మాటేమిటి? ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో 'గోల్డెన్ త్రెషోల్డ్' ఉంది. 1905లో వచ్చిన సరోజినీ నాయుడు తొలి కవితా సంపుటి పేరే ఆ ఇంటి పేరయింది. బంగారు గడప అన్నమాట. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలైంది అక్కడే. ఆ గడపను కాపాడుకోవాలని అందరం అంటాం, అనాలి కూడా. అక్కడికి కాస్త దూరంలోనే ఇన్ని గడపలు పోతే వాటి లెక్క ఒక్క చదరపు అడుగుల్లోనే తేలిపోయింది.

పట్టాలు తేలలేదు, పింఛన్లు రాలేదు, పిల్లల బడి దూరమైంది, ఈ బండ గొడవేమిటని మనలోనే కొందరు అడుగుతారు. అడగవలసిందే. అయితే 1886లో చికాగో కార్మికులు దేనికోసం ప్రాణాలు పోగొట్టుకున్నారో మనం ప్రతి మేడేకీ చెప్పుకుంటాం. పనికి ఎనిమిది గంటలు, విశ్రాంతికి ఎనిమిది, మిగిలిన ఎనిమిదీ మా ఇష్టం అన్నదే ఆ ఉద్యమం. ఆ మూడో ఎనిమిదిని స్త్రీలకు ఎవరూ ఇవ్వలేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో, కూలి లేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. అందుకే స్త్రీకి ఆనందం విడిగా దొరకదు, పనిలో పనిగా దొరుకుతుంది. పని చేసే చోటు మారిస్తే ఆ కాస్తా పోతుంది.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక ఏమైందో గుర్తు చేసుకోండి. బస్సులో కూర్చుని ఎల్లిగడ్డలు ఒలుస్తున్న స్త్రీల వీడియో 2024 ఆగస్టులో రాజకీయ వివాదమైంది. ప్రతిపక్ష నాయకుడొకరు బస్సుల్లో డాన్సులు చేసుకోమని ఎద్దేవా చేసి, తర్వాత విచారం తెలిపారు. మహిళా కమిషన్ దాకా పోయింది. పనీపాటా లేకుండా బస్సులెక్కి తిరుగుతున్నారని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. చేతిలో ఎల్లిగడ్డ ఉన్నా పనిలేదనే అంటారు! నన్నడిగితే, పని లేకుండా నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్ళి చెట్టు కింద గంటసేపు కూర్చుని తిరిగి రావటం కూడా ఆ జీరో టిక్కెట్టుకు తగిన వాడకమే. ముంబై స్త్రీలు ఊరికే వీధుల్లో తిరగటం కూడా హక్కేనని శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో ఒక పుస్తకమే రాశారు.

చట్టం కూడా మనవైపే ఉంది. ఫ్రాన్సిస్ కోరలీ ముల్లిన్ కేసులో 1981లో సుప్రీంకోర్టు, జీవించే హక్కు అంటే ఒట్టి జంతువులా బతికుండటం కాదన్నది. తిండి, బట్ట, నీడతో పాటు స్వేచ్ఛగా తిరగటాన్ని, తోటి మనుషులతో కలిసిమెలిసి ఉండటాన్ని కూడా అందులో చేర్చింది. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన 24వ అధికరణంలో విశ్రాంతి, తీరిక రెండూ ఉన్నాయి. నిర్వాసితుల తరఫున రాసే పిటిషన్లలో ఉపాధి గురించి చెప్పే చోటే ఈ మాటలు కూడా రాయటానికి అడ్డేముంది?

నిర్వాసితుల సర్వేకు మన సంఘాలు వాడే ఫారాల్లో కులం, ఆదాయం, కార్డు నంబరు, గృహహింస అన్నిటికీ గళ్ళుంటాయి. అవన్నీ ఉండాలి. వాటి పక్కన ఇంకో మూడు ప్రశ్నలు పెడదాం. సాయంత్రం ఎక్కడ కూర్చుంటారు? ఎవరితో కూర్చుంటారు? ఇక్కడి నుంచి వెళితే మీకు దేనిమీద బెంగ? వీటికి వచ్చే జవాబులు ఊరికే పోవు, కోర్కెల పత్రం ఎక్కుతాయి. ఒక సందులో వాళ్ళకు ఒకే అంతస్తులో ఇళ్ళివ్వాలి, లాటరీ తీసి తలో దిక్కుకూ పంచకూడదు. ప్రతి బ్లాకు కిందా స్త్రీలు కూర్చోవటానికి నీడ, దీపం, మంచినీళ్ళ కుళాయి ఉండాలి. అక్కడినుంచి లేవమనే అధికారం ఎవరికీ ఉండకూడదు. మలక్‌పేటకు ఇప్పటికే వెళ్ళినవాళ్ళ కోసం ఈ పని రేపే మొదలుపెట్టవచ్చు. షాబాదు బండ ఖరీదెంతో అక్కడ ఏ మేస్త్రీని అడిగినా చెబుతాడు.