ఊరూ పేరూ లేని ప్లగిన్లు ఇక చాలు!

సర్వేయర్లకు, జీఐఎస్ ఆపరేటర్లకు, ఇంజినీర్లకు, అధ్యాపకులకు, విద్యార్థులకు విజ్ఞప్తి



పటాలతో పనిచేసే మనలో చాలామందికి తెల్లవారితే క్యూజీఐఎస్‌తోనే పని. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌ను పైసా కట్టకుండా వాడుకుంటున్నాం. దాని సోర్సు కోడు ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు, మార్చినదాన్ని పంచొచ్చు. అందులో లేని పనులు చేసిపెట్టే ప్లగిన్లను ప్రపంచం నలుమూలలా ఎవరెవరో రాసి అధికారిక రిపాజిటరీలో పెట్టారు. శాటిలైట్ చిత్రాలను వర్గీకరించాలన్నా, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి రోడ్లు, చెరువులు దించుకోవాలన్నా, పటాన్ని వెబ్ పేజీగా మార్చాలన్నా ఒక ప్లగిన్ ఉంది. రోజూ వాడుతున్నాం.

మరి మనం రాసినవి ఎక్కడున్నాయి? వాట్సాప్ గ్రూపుల్లో, పెన్ డ్రైవుల్లో, ట్రైనింగ్ చివరి రోజున పంచిన ఫోల్డర్లలో ఉన్నాయి. ‘ఫైనల్’, ‘న్యూ ఫైనల్’, ‘లేటెస్ట్ 2’ అనే పేర్లతో జిప్ ఫైళ్లు చేతులు మారుతున్నాయి. ఎవరు రాశారని అడిగితే, ‘ఎవరో సార్ ఇచ్చార’నే జవాబు. ఏ వెర్షనో, తప్పుంటే ఎవరికి చెప్పాలో తెలియదు. రాసినవారు బదిలీ అయితే ప్లగిన్ కథ అంతటితో సరి.

ఈ పద్ధతి మారాలి. పదిమందికి పనికొచ్చే ప్లగిన్ మనం రాస్తే అది అధికారిక రిపాజిటరీకి చేరాలి. మనం వాడే ప్లగిన్ ఆ రిపాజిటరీ నుంచో, పేరు పెట్టి బాధ్యత తీసుకున్న ఆఫీసు రిపాజిటరీ నుంచో రావాలి. ఈ కరపత్రం ఉద్దేశం ఇదే.

ఎకరం లెక్కలోనే ఇంత ఉంది

క్యూజీఐఎస్‌కు ఎకరాలు తెలుసు, హెక్టార్లు తెలుసు. గుంటలు, సెంట్లు తెలియవు. కాబట్టి విస్తీర్ణాన్ని మన లెక్కలో చూపించే చిన్న ప్లగిన్ మనమే రాసుకోవాలి. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, ఆంధ్రలో 100 సెంట్లు. తెలంగాణ రికార్డులో 2.20 అని ఉంటే రెండు ఎకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్ర రికార్డులో అదే 2.20కి అర్థం రెండు ఎకరాల ఇరవై సెంట్లు. రెంటికీ తేడా 30 సెంట్లు, 1,452 గజాలు. ఒక పద్ధతికి రాసిన ప్లగిన్ ఏ సూచనా లేకుండా చేతులు మారి రెండో రాష్ట్రంలోకి వస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

లోపల ఇంకో చిక్కుంది. క్యూజీఐఎస్‌లో విస్తీర్ణం రెండు రకాలుగా లెక్కకట్టొచ్చు: భూమి వంపును లెక్కలోకి తీసుకుని, లేదా పటం ప్రొజెక్షన్ ఎలా ఉంటే అలా చదునుగా. వెనకాల ఆన్‌లైన్ బేస్‌మ్యాప్ వేసుకున్నప్పుడు ప్రాజెక్టు సాధారణంగా వెబ్ మెర్కేటర్‌లో ఉంటుంది. పొలం లేయరు కూడా అదే ప్రొజెక్షన్‌లో ఉండి, ప్లగిన్ చదును లెక్క వాడితే మన అక్షాంశాల్లో విస్తీర్ణం దాదాపు 9 శాతం ఎక్కువ చూపిస్తుంది. పది ఎకరాల చెలక పదకొండుకు దగ్గరపడుతుంది. ప్లగిన్ ఏ లెక్క వాడిందో కోడు తెరిచి చూస్తేనే తెలుస్తుంది. ఆ కోడు పదిమంది చూసేచోట ఉంటే పదకొండోవాడు తప్పు పట్టుకుంటాడు.

యూటీఎం జోన్ల సంగతీ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువ భాగం 44వ జోనులో ఉంది. అనంతపురం 43లోకి వస్తుంది. ఇచ్ఛాపురం 45లోకి వెళ్తుంది. 44 ఒక్కటే చాలనుకుని రాసిన ప్లగిన్ మధ్య జిల్లాల్లో బాగానే పనిచేస్తుంది, రాష్ట్రం రెండు కొసల్లోనూ తడబడుతుంది. అనంతపురంలో వాడినవారు ఆ సంగతి చెప్పుకోవడానికి ఒక చిరునామా ఉండాలి. జిప్ ఫైలుకు చిరునామా ఎక్కడిది?

ప్లగిన్‌కు మీ అధికారాలన్నీ ఉంటాయి

చాలామందికి తెలియని విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. ప్లగిన్ అంటే పైథాన్ ప్రోగ్రాం. ఇన్‌స్టాల్ చేసి ఆన్ చేశాక అది మీ పేరు మీద నడుస్తుంది. మీరు తెరవగల ఫైలును అదీ తెరవగలదు, మీరు చెరపగలిగినదాన్ని చెరపగలదు, నెట్ ఉంటే బయటికి పంపగలదు. దాన్ని కట్టడి చేసే గోడ ఏదీ క్యూజీఐఎస్‌లో లేదు. అందుకే జిప్ నుంచి ఇన్‌స్టాల్ చేయబోతే హెచ్చరిక కనిపిస్తుంది. దాన్ని చదవకుండానే దాటేస్తున్నాం. పేరు చీటీ లేని సీసాలోని మందు ఎవరిచ్చినా తాగం కదా, భూమి రికార్డులున్న కంప్యూటర్‌లోకి మాత్రం ఎవరో పంపిన కోడును ఎందుకు రానిస్తున్నాం?

అధికారిక రిపాజిటరీలో కొత్త ప్లగిన్‌ను ముందుగా సమీక్షకులు చూసి ఆమోదిస్తారు. ప్రతి లైనునూ జల్లెడ పట్టారన్న హామీ మాత్రం అందులో లేదు. అయినా అక్కడ రచయిత పేరుంటుంది, సోర్సు కోడు లింకు ఉంటుంది, పాత వెర్షన్లు ఉంటాయి, ఎంతమంది దించుకున్నారో కనిపిస్తుంది. తప్పు జరిగితే వెనక్కి వెళ్లి చూసుకునే దారి ఉంటుంది.

ఇంకో నష్టం కూడా చూడండి. 2018 ఫిబ్రవరిలో క్యూజీఐఎస్ 3.0 వచ్చింది. పైథాన్ 2 నుంచి 3కు, క్యూటీ 4 నుంచి 5కు మారింది. పాత ప్లగిన్లను సవరిస్తే తప్ప కొత్తదాంట్లో నడవలేదు. కోడు, లైసెన్సు బహిరంగంగా ఉన్న ప్లగిన్‌ను రచయితకు తీరిక లేకపోయినా మరొకరు సవరించగలిగారు. లైసెన్సు ముక్క లేని జిప్‌ను మార్చి పంచే హక్కు ఎవరికీ స్పష్టంగా ఉండదు, ఎవరిని అడగాలో కూడా తెలియదు. ఇప్పుడు క్యూటీ 6కు మారే వంతు వచ్చింది. మళ్లీ అదే గండం.

దారి అంత కష్టమేమీ కాదు

మామూలు ప్లగిన్‌కు కావలసింది ఒక ఫోల్డరు, అందులో కొన్ని ఫైళ్లు. ‘ప్లగిన్ బిల్డర్’ అనే ప్లగిన్ ఆ చట్రాన్ని తయారుచేసి ఇస్తుంది. ‘మెటాడేటా’ ఫైలులో పేరు, వివరణ, వెర్షన్, రచయిత, ఈమెయిల్, కనీసం ఏ క్యూజీఐఎస్ వెర్షన్ కావాలి, సోర్సు కోడు ఎక్కడుంది అన్నవి రాయాలి. జీపీఎల్ 2 లేదా దానికి సరిపడే లైసెన్సు ఫైలు పెట్టాలి. జిప్ చేసి, ఖాతా తెరిచి, అప్‌లోడ్ చేస్తే సమీక్షకు వెళ్తుంది.

ఒక జాగ్రత్త: గిట్‌హబ్‌లో ‘డౌన్‌లోడ్ జిప్’ నొక్కితే వచ్చే ఫోల్డరు పేరు చివర ‘మెయిన్’ అనో ‘మాస్టర్’ అనో తోక ఉంటుంది. క్యూజీఐఎస్ ప్లగిన్‌ను గుర్తుపట్టేది ఫోల్డరు పేరుతోనే. అలాగే పంచితే పాతదీ కొత్తదీ రెండు వేర్వేరు ప్లగిన్లయి పక్కపక్కనే కూర్చుంటాయి, అప్‌డేట్లు అందవు. తోక తీసేసి జిప్ చేయండి.

ఇన్‌స్టాల్ చేసుకునేవారి పని ఇంకా తేలిక. ‘ప్లగిన్స్’ మెనూలో ‘మేనేజ్ అండ్ ఇన్‌స్టాల్ ప్లగిన్స్’ తెరిచి, పేరు వెతికి, నొక్కడమే. కొత్త వెర్షన్ వస్తే అదే చెబుతుంది.

నెట్ సరిగా రాని ఆఫీసుల మాటేమిటి? దానికీ దారి ఉంది. నెట్ ఉన్న ఒక కంప్యూటర్‌లో అధికారిక రిపాజిటరీ నుంచి జిప్‌లు దించి, పరీక్షించి, ఆఫీసు సర్వర్‌లో పెట్టండి. వాటి వివరాలతో ‘ప్లగిన్స్’ పేరున ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు రాయండి. ప్లగిన్ మేనేజర్‌లోని ‘సెట్టింగ్స్’లో ఆ చిరునామా జోడిస్తే అదే మీ ఆఫీసు రిపాజిటరీ. ఒక్కచోట మారిస్తే అందరికీ అప్‌డేట్ కనిపిస్తుంది. పెన్ డ్రైవు పట్టుకుని బల్ల బల్లకూ తిరగక్కర్లేదు.

కోడు రాయడం రానివారూ వెనక్కి తగ్గక్కర్లేదు. గ్రామ పటాల గుర్తులకు మీరు తయారుచేసిన స్టైళ్లు, పనులను వరుసగా చేసే మోడళ్లు పంచుకోవడానికి క్యూజీఐఎస్‌కు వేరే వేదిక ఉంది. ప్లగిన్‌లో తప్పు కనిపిస్తే, ఏం చేశాను, ఏం రావాలి, ఏం వచ్చింది అని మూడు ముక్కలు రచయితకు రాయడం కూడా సాయమే.

‘కానీ...’ అనేవారికి

‘మాది చిన్న ప్లగిన్, ఎవరికి పనికొస్తుంది?’ గుంటల లెక్క కర్ణాటకలో, మహారాష్ట్రలో ఉంది. సెంట్ల లెక్క తమిళనాడులో, కేరళలో ఉంది. పాత అను ఫాంట్లలో టైపు చేసిన గ్రామాల పేర్లను యూనికోడ్‌లోకి మార్చే ప్లగిన్ ఉంటే తెలుగు పటాలు గీసే ప్రతివారికీ అవసరమే. చిన్నదో పెద్దదో వాడేవారు తేలుస్తారు.

‘నా కోడులో తప్పులుంటే నలుగురిలో నవ్వులపాలవుతాను.’ మెటాడేటాలో ‘ఎక్స్‌పెరిమెంటల్’ అని పెట్టండి. అలాంటివి కూడా చూపించమని సెట్టింగ్స్‌లో ఎంచుకున్నవారికే అది కనిపిస్తుంది. తప్పు దాచిన జిప్ కంటే తప్పు దిద్దుకునే ప్లగిన్ నయం.

‘కష్టపడి రాసింది ఊరికే ఎందుకివ్వాలి?’ జీపీఎల్ డబ్బు తీసుకోవద్దని ఎక్కడా అనదు. ప్లగిన్ అందుకున్నవారికి సోర్సు కోడు, దాన్ని మార్చుకునే హక్కు కూడా ఇవ్వమంటుంది. శిక్షణ ఇచ్చి, ఆఫీసు అవసరానికి తగ్గట్టు మార్చిపెట్టి సంపాదించుకోవచ్చు. మనం వాడే క్యూజీఐఎస్ కూడా ఎందరో పంచబట్టే మన చేతికొచ్చిందని మాత్రం మరవొద్దు.

‘ఆఫీసు పని కోసం రాసింది, బయటపెడితే పైవాళ్లు ఏమంటారో!’ ఈ భయం న్యాయమైనదే. అనుమతి లేకుండా పెట్టమని మేం అనం, అనుమతి అడగమంటున్నాం. కేంద్ర ప్రభుత్వం 2015లోనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వాడకంపై ఒక విధానం, ప్రభుత్వ అప్లికేషన్ల సోర్సు కోడును తెరిచి కలిసి అభివృద్ధి చేయడంపై మరో విధానం తెచ్చింది. అర్జీలో వాటిని ప్రస్తావించండి.

కోడు పంచండి, రైతుల వివరాలు పంచకండి. ప్లగిన్ ఫోల్డరులో నమూనా డేటా పేరిట పట్టాదారుల పేర్లు, ఖాతా నంబర్లు ఉండిపోతే బయట పడేవి వాళ్ల బతుకులు. డేటాబేస్ పాస్‌వర్డులూ అంతే. జిప్ చేసేముందు ప్రతి ఫైలూ తెరిచి చూడండి.

మేం కోరేవి

1. ప్రభుత్వ శాఖలు: ప్రజల డబ్బుతో రాయించే ప్లగిన్ల కోడు బహిరంగంగా, జీపీఎల్ కింద ఉండాలన్న షరతును టెండర్‌లోనే రాయాలి. ప్రతి ఆఫీసూ తను అనుమతించిన ప్లగిన్ల జాబితా గోడ మీద అంటించాలి, దానికి బాధ్యులెవరో పేరు రాయాలి.

2. విశ్వవిద్యాలయాలు, ఇంజినీరింగ్ కాలేజీలు: విద్యార్థి ప్రాజెక్టుగా రాసిన ప్లగిన్ సీడీలో, బీరువాలో ముగిసిపోకూడదు. రిపాజిటరీకి పంపడం, వచ్చిన ఫిర్యాదుకు జవాబివ్వడం కూడా మార్కుల్లో చేర్చాలి.

3. శిక్షణ ఇచ్చేవారు: జిప్‌లు పంచడం మాని, మొదటి గంటలోనే ప్లగిన్ మేనేజర్ వాడడం, హెచ్చరికలు చదవడం నేర్పాలి.

4. ప్లగిన్ రాసేవారు: విస్తీర్ణం ఏ పద్ధతిలో లెక్కకట్టారో, గుంటలో సెంట్లో, ఏ జోన్లలో పరీక్షించారో వివరణలో స్పష్టంగా రాయాలి. వాడే తీరు తెలుగులో కూడా రాసిపెట్టాలి.

5. వాడేవారు: ఎవరు రాశారో తెలియని జిప్‌ను ఇన్‌స్టాల్ చేయొద్దు, ముందుకు పంపొద్దు. ‘సార్, దీని సోర్సు లింకు ఇవ్వండి’ అని మర్యాదగా అడగండి.

వీటిలో కొన్నింటికి ఉత్తర్వులు కావాలి, కాలం పడుతుంది. మనవంతు పనికి ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు. ఈ వారమే మీ ప్లగిన్ల జాబితా తెరవండి. ఎక్కడినుంచి వచ్చిందో తెలియనిదాన్ని ఆపేయండి. అదే పని చేసేది రిపాజిటరీలో ఉందేమో వెతకండి. లేకపోతే రాసినవారిని వెతికి పట్టుకుని, తమ పేరుతో అక్కడ పెట్టమని అడగండి. వారికి తీరిక లేకపోతే, వారి అనుమతితో ఆ పని మీరే చేయండి.

చదవండి, మీ ఆఫీసులో, మీ కాలేజీలో చదివించండి!

— క్యూజీఐఎస్ వాడే కొందరు తెలుగువాళ్లు