గాలి ఎక్కడ పోతోంది?

"అక్కా, కింద హాల్లో హార్డ్‌వుడ్ మేమే వేసుకుంటున్నాం. అద్దెకి తెచ్చిన స్టేప్లర్ పిన్నుని సగమే దించుతోంది. కంప్రెసర్ ఆగకుండా మోగుతూనే ఉంది. మిషన్ పాడైంది, తిరిగిచ్చేద్దాం అంటున్నారు మావారు" అని పోయిన వారం ఒక చెల్లి గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది. వెనకాల బుస్సుమనే చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. మిషన్‌ని తర్వాత తిడదాం చెల్లీ, ముందు ఆ చప్పుడు ఎక్కడిదో చూద్దాం.

ఊళ్లో గ్యాస్ పైపు కారుతోందేమోనని అమ్మ సబ్బు నీళ్లు రాసి చూసేది, గుర్తుందా? ఇక్కడా అదే. గాలి నింపి, ప్రతి జాయింటు మీద సబ్బు నీళ్లు రాయండి. బుడగలు వచ్చిన చోటే మీ గాలి పోతోంది.

చాలాసార్లు అది గొట్టం చివరి కప్లర్, మిషన్‌కున్న ప్లగ్ కలిసే చోటే అవుతుంది. అమెరికా షాపుల్లో ఎక్కువగా కనిపించేవి మూడు రకాలు: ఇండస్ట్రియల్, ఆటోమోటివ్, ఆరో. మొదటి రెండూ చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి కానీ ఒకదాని ప్లగ్ ఇంకోదాని కప్లర్లో సరిగ్గా కూర్చోదు. గాస్కెట్ సరిగా పడని కుక్కర్‌కి విజిల్ రానట్టే, పిన్ను దిగదు. ఇంట్లో ఉన్నవన్నీ ఒకే రకం పెట్టుకోండి. అద్దె మిషన్ అయితే మీ గొట్టం షాపుకే పట్టుకెళ్లి అక్కడే తగిలించి చూడండి. లేదా మూడు రకాలూ పట్టే యూనివర్సల్ కప్లర్ ఒకటి కొనుక్కోండి.

గాలి కారకపోయినా పిన్ను పైకి తేలుతోందా? ఒక పిన్ను కొట్టి, నాలుగైదు సెకన్లు ఆగి ఇంకోటి కొట్టండి. ఆగి కొట్టింది పూర్తిగా దిగి, వెంటవెంటనే కొట్టినవి తేలుతుంటే, గాలి అందడం ఆలస్యమవుతోందన్న మాట. సన్న గొట్టం, ఒకదానికొకటి తగిలించిన అడాప్టర్లు దానికి కారణం. 50 అడుగుల గొట్టమైతే లోపలి వెడల్పు 3/8 అంగుళం ఉన్నది తీసుకోండి, అడాప్టర్లు తగ్గించండి. ఆగి కొట్టినా తేలుతుంటే అప్పుడు ప్రెషర్ కొంచెం కొంచెంగా పెంచండి. చాలా మిషన్లు 80 నుంచి 100 పీఎస్‌ఐ మధ్య బాగా పనిచేస్తాయి. పై హద్దు మిషన్ మీదే రాసి ఉంటుంది, అది దాటొద్దు. ఎక్కువైతే చెక్క అంచు చీలుతుంది. ముందు ఒక వేస్టు చెక్క మీద చూసుకోండి.

ఇక థ్రెడ్. ఇక్కడి ఫ్లోరింగ్ స్టేప్లర్లకి సాధారణంగా 1/4 అంగుళం ఎన్‌పీటీ ఉంటుంది. బిగించే ముందు మొదటి చుట్టు వదిలేసి, తెల్ల టెఫ్లాన్ టేపు గడియారం ముల్లు తిరిగే వైపు రెండు మూడు చుట్లు చుట్టండి. మొదటి చుట్టు మీద కూడా చుడితే టేపు ముక్కలు మిషన్లోకి పోతాయి. యూకే, మలేషియాలో ఉన్న అక్కలకి ఒక మాట: అక్కడి షాపుల్లో దొరికేది ఎక్కువగా బీఎస్‌పీ. 1/4 అంగుళం సైజులో ఎన్‌పీటీకి అంగుళానికి 18 చుట్లు, బీఎస్‌పీకి 19. రెండు చుట్లు ఎక్కి పట్టేస్తుంది, బలవంతంగా తిప్పితే థ్రెడ్ పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరికి దాచాను. మిషన్ వైపు ఎప్పుడూ ప్లగ్గే ఉండాలి, కప్లర్ గొట్టం వైపే ఉండాలి. కప్లర్లో గాలిని ఆపే వాల్వు ఉంటుంది. మా ఇంట్లో మొదటిసారి ఇవి తారుమారుగా బిగించాం. పిన్ను ఇరుక్కుంటే గొట్టం పీకేసి, ఇంక భయం లేదనుకుని నేను ముందు వైపు చెయ్యి పెట్టబోయాను. అంతలో మావారి చేతిలో సుత్తి జారి మిషన్ తల మీద పడింది. లోపల ఉండిపోయిన గాలికి పిన్ను టపీమని నేలలోకి దిగింది, నా వేళ్లకి జానెడు దూరంలో. ఆ సాయంత్రం ఇద్దరం పని ఆపేసి ఊరికే కూర్చున్నాం.

అందుకే చెప్తున్నా. గొట్టం తీయగానే మిషన్లోంచి ఒక్కసారి బుస్సుమని గాలి బయటికి రావాలి. పని చేస్తున్నప్పుడు వినిపించే బుస్సు చెడ్డది, గొట్టం తీసినప్పుడు వినిపించే బుస్సు మంచిది. అది వినపడకుండా చెయ్యి దగ్గరికి పోనివ్వకండి. కళ్లద్దాలు, చెవులకి మఫ్స్ మర్చిపోకండి.

చెల్లీ, ఫిట్టింగు మార్చాక ఎలా ఉందో గ్రూపులో చెప్పు. హాలు పూర్తయ్యాక ఫొటో కూడా పెట్టు, అందరం చూస్తాం.