పేరూ – నామోషీ

యూనియన్ కార్యదర్శి మొన్న మా ఇంటికొచ్చి, "మాస్టారూ, మీరు ఈ కాలేజీలోనే చదివి ఈ కాలేజీలోనే పాఠం చెప్పారు కదా, సావనీరుకి రెండు విధాలా పనికొస్తారు, ఏదైనా రాయండి" అన్నాడు. గుమ్మం దాటుతూ "నీతులు మాత్రం వద్దండి" అని కూడా అన్నాడు. కుర్రాడి తెలివికి సంతోషించాను. సరిగ్గా ఆ సమయానికి మా ఇంట్లో ఒక పెద్ద తగువు నడుస్తోంది. దాని గురించే రాస్తున్నాను.

మా అమ్మాయికి రెండో కానుపు. ఆడపిల్ల. ఇరవై ఒకటో రోజున బారసాల. అల్లుడుగారు బెంగుళూరు నుంచి పేర్ల జాబితా పంపించారు, నలభై మూడు పేర్లు. రోజూ రాత్రి భోజనాలయ్యాక మొగుడూ పెళ్ళాం ఫోనులో కూర్చుని కొట్టివేతలు మొదలుపెడతారు. ఆద్యా? అపార్టుమెంటులో అప్పుడే ఇద్దరున్నారు, కొట్టెయ్. హన్వికా? పెద్దాడి స్కూల్లో ముగ్గురున్నారు, కొట్టెయ్. శారదా? మరీ అమ్మమ్మల కాలం నాటిది, కొట్టెయ్. ఒక పేరుకి మాత్రం అర్థం ఏమిటో ఇద్దరికీ తెలియలేదు. ఎవరూ పెట్టుకోలేదు కాబట్టి దాన్ని ఉంచారు. అందరూ పెట్టుకున్న పేరు పనికిరాదు, ఎవరూ పెట్టుకోని పేరన్నా భయమే. పిల్ల నలుగురిలో ఉండాలి, నలుగురిలో కలిసిపోకూడదు. ఇదీ చిక్కు!

వింటూ కూర్చున్న నా పేరు సింహాచలం. నవ్వకండి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ పేరు వినగానే ఎవరూ నవ్వరు, ఎందుకంటే ప్రతి ఇంటి చుట్టుపక్కలా ఒకరుంటారు. మగవాళ్ళకీ అదే, ఆడవాళ్ళకీ అదే. నేను డిగ్రీ చదివిన రోజుల్లో మా సెక్షన్లో ముగ్గురు సింహాచలాలం. ఒకడు పొట్టి సింహాచలం, ఒకడు పాలకొండ సింహాచలం, నేను కళ్ళజోడు సింహాచలం. అప్పలనాయుళ్ళు అయిదుగురు. సన్యాసిరావులు ఇద్దరు. "మన పేరు అరిగిపోయింది, ఇంకొకడు కూడా పెట్టుకున్నాడు" అని ఎవడూ దిగులు పడినట్టు నాకు గుర్తు లేదు. పేరు ఒకటే అయితే ఇంటిపేరుంది, ఊరుంది, పొట్టీ పొడుగూ ఉన్నాయి. అంతెందుకు, పూసపాటి ప్రభువులకే ఆ బెంగ లేకపోయింది. 1757లో బొబ్బిలి యుద్ధంలో పోయినవారు పెద్ద విజయరామరాజు, 1794లో పద్మనాభం దగ్గర పోయినవారు చిన్న విజయరామరాజు.

మన పేర్లు చూస్తే మన గుళ్ళ పటం గీయవచ్చు. అప్పలస్వామి, అప్పలరాజు, అప్పలనర్సమ్మ, సింహాద్రి అంటే అప్పన్న మొక్కు. పైడిరాజు, పైడమ్మ, పైడినాయుడు అంటే విజయనగరం పైడితల్లమ్మ. సూర్యనారాయణ అంటే అరసవిల్లి, కూర్మారావు అంటే శ్రీకూర్మం, ముఖలింగం అంటే చెప్పనే అక్కరలేదు. ఈ పేర్లలో ఒక్కటీ పిల్లవాడు వేరుగా కనబడాలని పెట్టినది కాదు. ఫలానా కొండకు మేము బాకీ ఉన్నాము, ఇదిగో రసీదు, అన్నట్టుగా పెట్టినవి. రసీదులు ఒకే రకంగా ఉంటే తప్పేముంది?

మరి నామోషీ ఎప్పుడు వచ్చింది? నా సంగతి చెబుతాను. ఎమ్మే చదవడానికి వాల్తేరు వెళ్ళాను. హాస్టల్లో మొదటి రోజునే దక్షిణాది జిల్లాల కుర్రాడొకడు "సింహాచలమా! కొండ మీద నుంచి ఎప్పుడు దిగావు?" అన్నాడు. పదిమందీ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రాత్రే నా పుస్తకాల మీద పేరు కొట్టేసి "చలం" అని రాసుకున్నాను. ఫలితం ఏమిటంటే, సాహిత్యం చదివినవాళ్ళు నన్ను మరో లెక్కలో అనుమానంగా చూడడం మొదలుపెట్టారు. ఆడపిల్లల తండ్రులైతే మరీనూ! అయినా ఆ పేరుతోనే ఉద్యోగంలో చేరాను. సర్టిఫికెట్లలో సింహాచలం, గది తలుపు మీద చలం.

ముప్పై అయిదేళ్ళు హాజరు పిలిచినవాడికి ఒక విద్య అబ్బుతుంది. రిజిస్టరు తెరిస్తే ఆ బ్యాచి ఏ యేట పుట్టిందో, ఆ యేడు వాళ్ళ అమ్మలు ఏం చదివారో, ఏ సినిమా చూశారో తెలిసిపోతుంది. నేను చేరిన కొత్తలో ఇంకా గాంధీలు, బోసుబాబులు, జవహర్లు తగిలేవారు. ఆ వెనకే బెంగాలీ నవలల అనువాదాల పుణ్యమా అని శరత్‌బాబులు. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' నవలలో రాజశేఖరం ఎన్ని ఇళ్ళలో మళ్ళీ పుట్టాడో లెక్క లేదు. ఆ నవల 1976లో సినిమాగా కూడా వచ్చింది. ఇక ఆడపిల్లల పేర్లకూ పత్రికల పేర్లకూ తేడా లేని రోజులు కూడా చూశాం. జ్యోతి అంటే పత్రికా, పక్కింటి పిల్లా అని అడగాల్సి వచ్చేది. 1984లో 'స్వాతి' సినిమా వచ్చింది, అదే యేడు స్వాతి వారపత్రిక మొదలైంది, 1986లో 'స్వాతిముత్యం'. మూడూ కలిసి ఏం చేశాయో నాకు బాగా తెలుసు. ఎందుకో కాస్సేపట్లో చెబుతాను.

ఇది మన ఒక్కరి పిచ్చి కాదు లెండి. అమెరికాలో 1970 నుంచి 1984 దాకా, పదిహేనేళ్ళు వరసగా, ఆడపిల్లలకు అందరికంటే ఎక్కువగా పెట్టిన పేరు జెన్నిఫర్. హార్వర్డులో స్టాన్లీ లీబర్సన్ అనే సమాజ శాస్త్రవేత్త ఉండేవాడు. పేర్ల మోజు మీద 2000లో ఒక పుస్తకమే రాశాడు. బట్టల మోజు వెనక బట్టల కొట్టువాడు ఉంటాడు, కార్ల మోజు వెనక కంపెనీ ఉంటుంది. పేరు అమ్మి లాభపడేవాడెవడూ లేడు, అయినా అందులోనూ మోజులు వస్తూ పోతూనే ఉంటాయి. అందుకే ఆయన దాన్ని పట్టుకున్నాడు. (ఆయన మన న్యూమరాలజీ వాళ్ళని చూసి ఉండడు. ఇంగ్లీషులో ఒక 'హెచ్' అదనంగా తగిలించినందుకు మా వీధిలోనే ఒకాయన డబ్బు పుచ్చుకుంటున్నాడు.) తరవాత 2009లో జోనా బెర్జర్, గేల్ లె మెన్స్ అనే ఇద్దరు ఫ్రాన్సు, అమెరికాల్లో నూరేళ్ళ పేర్లు పరిశీలించి ఒక సంగతి తేల్చారు. ఎంత వేగంగా పైకెక్కిన పేరు అంత వేగంగానూ దిగిపోతుంది. కానుపుకి సిద్ధంగా ఉన్న తల్లిదండ్రులను అడిగితే, గబగబా పెరుగుతున్న పేరు అంటే వాళ్ళకే భయంగా ఉందిట, అది మోజే గాని నిలవదేమో అని. మా అమ్మాయి ఫోనులో కొట్టేస్తున్నది కూడా సరిగ్గా అవే.

ఎవరికీ లేని పేరు, ఇక ముందు కూడా ఎవరూ పెట్టుకోని పేరు కావాలంటే ఈ లోకంలో ఒక్క జాతికే ఆ భాగ్యం ఉంది. మన సముద్రంలో పుట్టే తుఫాన్లకి. హిందూ మహాసముద్రపు ఉత్తర భాగంలో ఒక తుఫానుకి వాడిన పేరు మరో తుఫానుకి పెట్టరు. 2014 అక్టోబరు 12న మన మీద పడిన హుద్‌హుద్ పేరు ఒమన్ దేశం ఇచ్చినది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలమట్టం చేసిన తిత్లీకి ఆ పేరు పాకిస్తాన్ ఇచ్చింది. సీతాకోకచిలుక అని అర్థం! సరిహద్దు అవతల ఒడిశాలో ఆ రోజుల్లో పుట్టిన ఆడపిల్లలు కొందరికి తల్లులు తిత్లీ అనే పేరు పెట్టుకున్నారని పత్రికల్లో వచ్చింది. ఆ గాలిలో కానుపై బతికి బట్టకట్టిన పిల్లకి ఆ పేరు పెట్టడం నాకేమీ వింతగా తోచలేదు.

తోచకపోవడానికి కారణం ఉంది. అది చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది గాని, దాచి ఈ వ్యాసం రాయడం న్యాయం కాదు.

1989లో కొత్త బ్యాచికి మొదటి రోజు హాజరు పిలుస్తున్నాను. "తవిటమ్మ" అని చదివాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచింది. నా నోరు ఊరుకోలేదు. "ఏమ్మా, ఇంట్లో బియ్యం లేవా, తవుడే దొరికిందా?" అన్నాను. క్లాసు గొల్లుమంది. ఆ పిల్ల కూర్చుంది. మర్నాటి నుంచి పేరు పిలిస్తే పలికేది కాదు, చెయ్యి ఎత్తేది. నెలాఖరుకి రావడమే మానేసింది.

పదిహేను రోజులకు వాళ్ళ అమ్మ స్కాలర్‌షిప్ కాగితం పట్టుకుని వచ్చింది. నరసన్నపేట అవతల పల్లె. పిల్ల ఎందుకు రావడం లేదని అడిగాను. ఆవిడకి కారణం తెలియదు. పిల్ల చెప్పలేదు. మాటల్లో పేరు సంగతి నేనే ఎత్తాను, ఎందుకెత్తానో తెలియదు. ఆవిడ అంది: "ముందల ముగ్గురు పోనారు బావూ. పురిటి మంచం మీదే దీన్ని ఎదురింటోలికి ఇచ్చీసి, సేరు తవుడెట్టి మళ్ళీ కొనుక్కున్నాను. పేరులో ఏటుంది గాని, గుంట నిలబడింది."

తవిటయ్య, తవిటినాయుడు, పెంటయ్య, పెంటమ్మ. ఈ పేర్లన్నీ ఇంతే. పోయిన పిల్లల వెనక పుట్టిన పిల్లని పెంటకుప్ప మీద ఓసారి పడుకోబెట్టి తీసుకునేవారు, లేకపోతే తవుడికి అమ్మి కొనేవారు. చావుకి ఈ పిల్ల మీద కన్ను పడకూడదని, పనికిరానిది పోనీలే అనుకోవాలని. ఊరందరిలోకీ ఎక్కువగా కావలసిన పిల్లకి అందరిలోకీ తక్కువ పేరు! ఎమ్మే చదివిన నాకు ఇది తెలియదా? తెలుసు. అయినా ఒక జోకు వేసుకున్నాను. తలుపు మీద చలం అని రాసుకున్నవాడిని కదా, నామోషీ అందరికంటే నాకే ఎక్కువ. ఆ తల్లికి నేను చేసిన పని చెప్పలేదు. కాగితం మీద సంతకం పెట్టి పంపించాను. పిల్ల మళ్ళీ వచ్చింది, పరీక్షలు రాసింది, పాసైంది. నేను తప్పయిందని ఎన్నడూ అడగలేదు. ఆ యేడాదే తలుపు మీద బోర్డు మార్పించాను, అంతే.

సింహాచలం, పైడిరాజు అంటే మొరటని ఎవరు తీర్మానించారో నాకు తెలియదు. బొమ్మలు వేసిన అంట్యాకుల పైడిరాజుగారూ, కథలు రాసిన అట్టాడ అప్పల్నాయుడుగారూ ఆ పేర్లతోనే తెలుగు దేశమంతా ఎరుకయ్యారు. లచ్చన్న అనే పేరు సర్దార్ బిరుదుతో కలిసి ఎంత దర్జాగా ఉంది! అలాగని ఇప్పుడు పుట్టే పిల్లలందరికీ తవిటమ్మ అని పెట్టండని నేను అనడం లేదు. పిల్లలు బతుకుతున్న కాలం ఇది, ఆ పేరు అవసరం తీరింది, మంచిదే. కాని తూచే తక్కెడ మారింది. అప్పుడు పేరు పెట్టేవాళ్ళ చూపు పిల్ల ప్రాణం మీద ఉండేది. ఇప్పుడు పక్క అపార్టుమెంటు వాళ్ళ చెవుల మీద ఉంది. ట్రెండులో ఉన్నదని పెట్టినా, ట్రెండులో ఉన్నదని మానేసినా, రెండూ ఆ చెవుల కోసమే. ఎంతమందికి ఉందీ ఆ పేరు అని లెక్కపెట్టే బదులు, "నాకీ పేరు ఎందుకు పెట్టారు?" అని పిల్ల పదేళ్ళప్పుడు అడిగితే చెప్పడానికి ఇంట్లో ఒక కథ ఉందా అని చూసుకుంటే చాలునని నా ఉద్దేశం.

ఇదంతా ఆ రాత్రి ఫోను పక్కన కూర్చుని మా అమ్మాయితో అన్నాను. అది నా వంక చూసి, "నా పేరు ఎందుకు పెట్టావు నాన్నా?" అంది.

దాని పేరు స్వాతి. 1987లో పుట్టింది. డిగ్రీలో దాని క్లాసులో నలుగురు స్వాతులు. లెక్చరర్లు నంబర్లు వేసుకున్నారు. మూడేళ్ళూ మా అమ్మాయి స్వాతి త్రీ. "పొట్టీ కాదు, కళ్ళజోడూ కాదు, త్రీ. నా కూతురు ఫోర్ కాకూడదనే ఈ జాబితా అంతా" అంది. నా దగ్గర జవాబు లేదు. సినిమా చూసి పెట్టాను, అంతకంటే కథ లేదు.

కథ ఉన్న పేరు వేరే ఉంది. దాని కానుపు కష్టమైతే మా అమ్మ పైడితల్లమ్మకి మొక్కుకుంది. బారసాలనాడు నేను స్వాతి అని రాస్తుంటే, "ఓరి సింవాచెలం, మొక్కుకున్న పేరు మానీసి సినిమా పేరెడతావేట్రా? ఆ తల్లి ఊరుకుంతాదేటి?" అని గోల పెట్టింది. నేను వినలేదు. అమ్మ కూడా వినలేదు, పోయేదాకా దాన్ని పైడమ్మా అనే పిలిచింది. కాలేజీ స్నేహితురాళ్ళ ముందు అలా పిలవొద్దని మా అమ్మాయి ఎన్నిసార్లో నాయనమ్మతో పోట్లాడింది. ఎందుకు పిలిచేదో మాత్రం నేను చెప్పలేదు, అది అడగలేదు. ఆ రాత్రే చెప్పాను. మొగుడు ఫోనులో "హలో, హలో" అంటున్నా అది పలకలేదు.

తొందరేమీ లేదని కూడా చెప్పాను. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం పేరు లేకుండానే పుట్టుక నమోదు చేయించుకోవచ్చు, ఏడాది లోపల రుసుము లేకుండా పేరు ఎక్కించుకోవచ్చు. ఆ తరవాతైతే కాస్త రుసుముతో పదిహేనేళ్ళ దాకా గడువుంది. అయితే 2023 అక్టోబరు 1 తరవాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు అన్నిటికీ ఆ కాగితమే ఆధారం కాబట్టి, నాలాగా తలుపు మీద ఒకటీ సర్టిఫికెట్లో ఒకటీ కుదరదు.

నిన్న బారసాల అయింది. పళ్ళెంలో బియ్యం పరిచి అల్లుడుగారు మొదటి పేరు రాశారు, అది వాళ్ళ జాబితాలోదే. రెండో పేరుకి మా అమ్మాయి ఉంగరం తీసి నా చేతికిచ్చింది. "పైడి" వరకూ రాశాను. ఆ తరవాత ఏం కలపాలో వాళ్ళిద్దరూ ఇంకా తేల్చుకోలేదు.