శకునికి జీతం ఎవరిస్తారు?

మా బళ్లారిలో నాకు తెలిసిన ఒక కుర్రవాడు 2022లో మంచి ఉద్యోగం వదిలేసి పోకర్ ఆటే వృత్తి అన్నాడు. 2025 ఆగస్టులో పార్లమెంటు, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. "నా పొట్ట కొట్టారు మామా" అని వాపోయాడు. నేను ఓదార్చలేదు. ఎందుకో చెబుతాను.

ముందు ఒప్పుకోవలసింది ఒప్పుకుందాం. పోకర్ గుడ్డి జూదం కాదు. 52 ముక్కల్లోంచి చేతికి వచ్చే రెండు ముక్కల జతలు 1,326 రకాలు. జంట ఆసులు సగటున 221 ఆటలకు ఒకసారి వస్తాయి. ఇదంతా కంఠస్థం చేసి, వచ్చిన ముక్కల్లో ఎక్కువ వాటిని ఆడకుండానే పారేసి, ఇంటి డబ్బు వేరు ఆట డబ్బు వేరుగా ఉంచి, ఏ రోజు లెక్క ఆ రోజే రాసుకునేవాడే వృత్తి ఆటగాడు అవుతాడు. అంత క్రమశిక్షణ మా బ్యాంకు మేనేజర్లలోనూ అందరికీ లేదు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1968లోనే సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం గల ఆట అన్నది. అప్పటినుంచి పేకాట వ్యాపారులందరికీ ఆ మాటే డాలు.

నేను కామర్స్ చదివినవాణ్ణి. ప్రతి జమకూ ఎక్కడో ఒక ఖర్చు ఉండి తీరాలి. దర్జీ పని చేస్తే చొక్కా పుడుతుంది, రైతు పని చేస్తే గింజ పుడుతుంది. ఆరుగురు తలా పదివేలు పెట్టి బల్ల చుట్టూ కూర్చుంటే అరవై వేలు. తెల్లవార్లూ ఆడినా అది అరవై వేల ఒక్క రూపాయి కాదు. పైగా బల్ల వేసినవాడు తన వాటా కోసుకుంటాడు గనుక తగ్గుతుంది. మరి వృత్తి ఆటగాడి జీతం ఎక్కణ్ణుంచి వచ్చింది? పక్కవాడి జేబులోంచి. నైపుణ్యం ఎంత పెరిగితే పక్కవాడు ఓడిపోవడం అంత ఖాయం. చదరంగంలోనూ నైపుణ్యమే గెలుస్తుంది, కాని ఓడినవాడి ఇంటి అద్దె పోదు. కాబట్టి నైపుణ్యం ఈ వృత్తికి సమర్థన కాదు, దాని మీద మోపవలసిన నేరమే అది. వీళ్ల మొదటి పాఠమే బలహీనులు కూర్చున్న బల్ల వెతుక్కోవడం!

2003లో లాస్‌వేగాస్‌లో క్రిస్ మనీమేకర్ అనే అమెరికా అకౌంటెంటు ప్రపంచ పోకర్ పోటీ గెలిచాడు. పదివేల డాలర్ల ప్రవేశాన్ని ఇంటర్నెట్‌లో కొద్ది డాలర్లతో సంపాదించి 25 లక్షల డాలర్లు పట్టుకుపోయాడు. దేశదేశాల కుర్రాళ్లకు ఆ కథే మంత్రమైంది. పోటీలో దిగినవాళ్లు 839 మంది. మిగిలిన 838 మంది పేర్లు ఎందరికి తెలుసు? ఆ రెండో పుట మాబోటి బ్యాంకువాళ్లకు కనపడుతుంది. రాత్రి రెండు గంటలకు ఐదు వందలు, మళ్లీ వెయ్యి, మళ్లీ రెండు వేలు. నెల తిరక్కుండా పర్సనల్ లోను దరఖాస్తు.

ఇది మనకు కొత్త కాదు. సభాపర్వంలో పందెం ధనం దుర్యోధనుడిది, పాచికలు వేసింది శకుని. ఒకడి పెట్టుబడితో ఇంకొకడు ఆడటం నేటి పోకర్‌లోనూ ఉంది, దాన్ని స్టేకింగ్ అంటారు. శకునికి నైపుణ్యం లేదని ఎవరూ అనలేదు. అయినా మన పెద్దలెవరూ పిల్లలకు శకుని అని పేరు పెట్టలేదు.

మన సరిహద్దు బతుకుల్లో ఇంకో చిత్రం జరిగింది. ఆంధ్రలో 2020లో ఈ ఆన్‌లైన్ ఆటలు నిషేధించారు. ఇటు కర్ణాటక 2021లో చేసిన నిషేధాన్ని హైకోర్టు 2022లో కొట్టేసింది. గట్టుకు అటు తప్పయినది ఇటు వృత్తి అయింది. చట్టం గీత గీయగలదు గాని బుద్ధి చెప్పలేదు. ఆ పని ఇంట్లో జరగాలి.

ఆ కుర్రవాడు తన లెక్కల పుస్తకం తెచ్చి చూపించాడు. మూడేళ్లూ లాభమే, ఒక్క కొట్టివేత లేదు. "మరి ఓడినవాళ్ల పద్దు ఏదిరా?" అన్నాను. "వాళ్లెవరో నాకెలా తెలుస్తుంది మామా? తెర మీద మారుపేర్లే కదా" అన్నాడు.

తెలియకపోవడం వల్లే వాడికి నిద్రపడుతోంది. ఇంత లెక్క వచ్చిన పిల్లవాడికి ఊళ్లో మరో పని దొరకదంటే నేను నమ్మను. మీ ఇంట్లో ఎవరైనా ఈ దారి పడతానంటే "గెలుస్తావా?" అని అడగకండి. "ఎవరి దగ్గర?" అని అడగండి.