డాక్టరు రాని ఊళ్లో డాక్టరు సంతకం

టెక్సాస్ పల్లెలో నర్స్ ప్రాక్టీషనర్, అంటే రోగులను పరీక్షించి మందులు రాసేలా పైచదువు చదివిన నర్సు, సొంత క్లినిక్ తెరవాలంటే ముందు ఒక డాక్టర్ని వెతుక్కోవాలి. ఆయన ఆ ఊళ్లో ఉండనక్కర్లేదు. మందులు రాసే అధికారాన్ని ఆమెకు అప్పగిస్తూ ఒప్పందంపై సంతకం పెట్టాలి, కొన్ని కేసుల రికార్డులు చూడాలి, నెలకోసారి మాట్లాడాలి. అందుకు ఎంత పుచ్చుకోవాలో చట్టం పరిమితి పెట్టలేదు. ఆయన రిటైరైనా, మనసు మార్చుకున్నా, మరో సంతకం దొరికేదాకా ఆమె మందుల చీటీ రాయలేదు. రోగులు మాత్రం అప్పటిదాకా ఆగలేరు కదా! పక్కనే ఉన్న న్యూ మెక్సికోలో అదే చదువుతో, ఏ ఒప్పందమూ లేకుండా ఆమె వైద్యం చేయవచ్చు.

ఈ వృత్తి పుట్టిందే డాక్టర్ల కొరత తీర్చడానికి. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో నర్సు లొరెట్టా ఫోర్డ్, పిల్లల డాక్టరు హెన్రీ సిల్వర్ కలిసి దీనికి శిక్షణ మొదలుపెట్టారు. 1977లో అమెరికా కాంగ్రెస్ పల్లె క్లినిక్‌ల చట్టం తెచ్చి, వీరి సేవలకూ ప్రభుత్వ బీమా చెల్లించేలా చేసింది.

కానీ ఆ చెల్లింపులోనూ కోత ఉంది. డాక్టరుకు 100 డాలర్లిచ్చే పనికి, నర్స్ ప్రాక్టీషనర్ తన పేరుతో బిల్లు పెడితే, ప్రధానంగా వృద్ధులకిచ్చే ప్రభుత్వ బీమా మెడికేర్ ఇచ్చేది 85. అద్దె, కరెంటు, సిబ్బంది జీతాల్లో ఆమెకెవరూ 15 శాతం తగ్గించరు. గ్రామీణ క్లినిక్‌గా ప్రత్యేక గుర్తింపు తెచ్చుకుంటే ఆ కోత తప్పుతుంది. అయితే గుర్తింపుకి మెడికల్ డైరెక్టరుగా ఒక డాక్టరుండాలి. మళ్లీ మొదటికే! పైగా పేదలకిచ్చే ప్రభుత్వ బీమా మెడికెయిడ్‌ను టెక్సాస్ విస్తరించలేదు. బీమా లేనివారు దేశంలోకెల్లా అక్కడే ఎక్కువ.

డబ్బులోనే కాదు, అధికారాల్లోనూ కోతే. ఇంటి వద్ద నర్సింగ్ సేవలకు మెడికేర్ రోగులను సిఫారసు చేసే హక్కు వీరికి 2020లో గానీ రాలేదు. నర్స్ ప్రాక్టీషనర్ ఏళ్లుగా చూస్తున్న షుగర్ రోగికి మెడికేర్ కింద ప్రత్యేకమైన బూట్లు కావాలంటే ఇప్పటికీ డాక్టరే ధ్రువీకరించాలి.

డాక్టర్ల శిక్షణ ఎక్కువకాలం సాగుతుందనీ, పర్యవేక్షణ రోగి క్షేమానికేననీ అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వాదన. శిక్షణ మాట నిజమే. కానీ నెలకో ఫోన్ కాల్‌ను పర్యవేక్షణ అనగలమా? పైగా పల్లెల్లో డాక్టర్లు నిలవడమూ కష్టమే. మన తెలుగు డాక్టర్లలోనూ కొందరు, శిక్షణ అయ్యాక స్వదేశానికి వెళ్లాలన్న వీసా షరతు నుంచి మినహాయింపు కోసం కొరత ప్రాంతాల్లో మూడేళ్లు పనిచేస్తారు. గడువు తీరాక నగరానికి వెళ్లిపోయేవారిని తప్పుపట్టలేం. ఆ ఊళ్లోనే స్థిరపడిన నర్స్ ప్రాక్టీషనర్ చేతులు కట్టేయడం మాత్రం తప్పు. తగిన అనుభవం ఉన్నవారికి టెక్సాస్ ఈ సంతకం షరతు తొలగించాలి. 85 శాతం నిబంధనను కాంగ్రెస్ సవరించాలి.